దడి మీది చిక్కుడు

ఎనభై ఆరులో వచ్చిన గోదారి తర్వాత ఇరవై ఏళ్లకు మళ్లీ పెద్ద గోదారి వచ్చిన యేడు. నీళ్లు శ్రావణంలో వచ్చి పోయాయి గానీ బురద మార్గశిరం దాకా పోలేదు. దుమ్ముగూడేనికి ఎగువన, అడవికీ ఏటికీ మధ్య ఉన్న ఆ గూడెంలో ప్రతి గోడకూ నడుమెత్తున నల్లటి గీత. మేకలు కొట్టుకుపోయాయి. కోళ్లు పోయాయి. గాదెల్లో వడ్లు మొలకెత్తి కుళ్లి కంపు కొట్టాయి. అన్నీ పోయినా గంగులు పెత్తనం మాత్రం చెక్కు చెదరలేదు.

గంగులు ఆ గూడేనికి పెద్ద. కొత్త పంట ఏది చేతికొచ్చినా ముందు ముత్యాలమ్మ గద్దె దగ్గర కోడిని కోసి, ఆ పంట వండి, మొదటి ముద్ద తల్లికి పెట్టాలి. దాన్ని కొత్తలు చేయడం అంటారు. ఆ పని గంగులుదే. చిక్కుడు కొత్తలు కాకముందు ఆ నేలలో కాసిన చిక్కుడు గింజను ఎవరూ నోట పెట్టరు. పెడితే తప్పు. తప్పు పడ్డవాడికి పొయ్యి వేరు, నీళ్ల కుండ వేరు, గద్దె దగ్గరికి రానివ్వరు. ఆ యేడు తినడానికి ఇంకేం మిగల్లేదు కాబట్టి, ప్రతి ఇంటి దడి మీదా కాస్తున్న చిక్కుడు వంకే అందరి కళ్లూ. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నా ఒక్క కాయ ఎవరూ తెంపలేదు. కొత్తలు ఎప్పుడో గంగులు చెప్పాలి. గంగులు చెప్పలేదు.

దూలయ్య కూతురు భవానిని గూడెం నుంచి వెలి వేసిందీ గంగులే. భవాని భద్రాచలం కూలికి పోయి, అక్కడ తాపీ పని చేసే జాషువాను చేసుకుంది. పెద్దలకు చెప్పలేదు. చర్చిలో చేసుకుంది. "దూలయ్య బిడ్డ చచ్చిందనుకోండ్రి" అన్నాడు గంగులు, అందరి ముందు. దూలయ్య మాటల మనిషి కాదు. కోపం వస్తే కట్టెలు కొట్టేవాడు. ఆ యేడు అతని పెరట్లో కట్టెల మోపు ఇంటి చూరు దాకా లేచింది.

గోదారి వచ్చి జాషువా ఇంటిని గోడలతో సహా తీసుకుపోయింది. మొగుడూ పెళ్లామూ చంటిదాన్ని వేసుకుని ఒక బడి వరండాలో ఉన్నారు. బడి తెరిచాక వాళ్లను వెళ్లగొట్టారు. కరకట్ట పక్కన టార్పాలిన్ కట్టుకున్నారు. చలి మొదలైంది. చంటిది దగ్గి దగ్గి నీలుక్కుపోతోందని కబురొచ్చింది. దూలయ్య ఇంటి వెనక ఎత్తు నేల ఉంది, గోదారి అక్కడిదాకా రాలేదు. వరదలో పడిపోయిన తాటిచెట్టును చెక్కి, ఇంటికి నిలువు మోసే నిట్రాడు చేసి, అక్కడ పడేసి పెట్టాడు దూలయ్య. ఎందుకని పెళ్లాం ముత్తక్క అడగలేదు. ముప్పై ఏళ్ల కాపురంలో పెనిమిటిని ఏం అడగాలో ఏం అడగకూడదో ఆమెకు తెలుసు.

ఒకనాడు పొద్దున్నే దూలయ్య గంగులు అరుగు ముందుకు పోయి నిలబడ్డాడు. గంగులు అతనికి వరసకు బావ.

"ఏంది దూలా, ఇయ్యాల నోరు పెగిలెటట్టున్నది" అన్నాడు గంగులు, వేపపుల్ల నములుతూ.

"బిడ్డను తెచ్చుకుంట బావా."

"ఏ బిడ్డ?"

"నాకున్నది ఒక్కతే."

"అది చచ్చిపాయె గద. చచ్చినదాన్ని తెచ్చుకుంటవా?" గంగులు పుల్ల ఊసి నవ్వాడు. పక్కన కూర్చున్న ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. నవ్వకపోతే ఊరుకోడని వాళ్లకు తెలుసు.

"బతికే ఉన్నది. చంటిది దగ్గుతాంది."

గంగులు కాసేపు ఆలోచించినట్టు నటించాడు. "సరే. నేను రాయి కాదు. తప్పు కూడు పెట్టు. గూడెం మొత్తానికి. ఇస్తట్ల మాంసం కూరే ఉండాలె. పప్పు, పులుసు, ఆకుకూర అని మాయ చెయ్యొద్దు."

"గోదారి పోయింది బావా. మేకలు యాడున్నయ్?"

"గోదారి నీ ఒక్కనింటికే వచ్చిందా? ఇంకా ఇను. వండే చెయ్యి మన చెయ్యి కావాలె. ఆ చర్చోళ్ల మనుషులు దడి దాటి లోపలికి రావద్దు. కూర ఎంగిలి పడొద్దు, వండేటోళ్లు ఉప్పు గూడ చూడొద్దు. గూడెం తిన్నంకనే మీరు తినాలె. అందరం తిన్నంక నా ఇస్తట్లకెల్లి ఒక ముద్ద తీసి నీ బిడ్డ ఇస్తట్ల పెడత. అప్పుడది మనది. అప్పుడు గుంజ పాతుకో."

దూలయ్య తల ఊపాడు. తిరిగి వస్తుంటే దారి కనపడలేదు. వరద కేంపులో ఇదే గంగులు చర్చి వాళ్లు పంచిన పులిహోర పొట్లం తిని, రెండోది కూడా అడిగి తీసుకున్నాడు. అది దూలయ్య కళ్లారా చూశాడు. ఆ నోటికి అప్పుడు ఏ దడీ అడ్డం రాలేదు. ఆ మాట అక్కడే అరుగు ముందే అనాల్సింది. అనలేదు. ఇంటికి వచ్చి గొడ్డలి తీసుకుని పొద్దు నెత్తి మీదికి వచ్చేదాకా కట్టెలు కొట్టాడు.

వాళ్లకు ఉన్నది ఒక్క మేక. వరదప్పుడు ఇంటి కప్పు మీదికి ఎక్కి, నీళ్లు పోయేదాకా అక్కడే గడ్డి పీక్కు తిని బతికిన మేక. ముత్తక్క దాన్ని పిల్లలా చూసుకుంది. కోసే రోజు ఆమె ఏటికి నీళ్లకు పోయి ఆలస్యంగా వచ్చింది. వచ్చి మాంసం ఉన్న బుట్ట చూసి నెత్తి మీద చేతులు పెట్టుకుంది.

"గింతేనా? గిది ముక్కలు కోస్తే ముందు వరసకే ఆగదు. ఎనక వరసోళ్లకు ఏం పెడత, దీని తోలా?"

"తోలు గూడ గంగులుకే పెట్టు" అన్నాడు దూలయ్య. చాలా రోజులకు అతని నోట వచ్చిన పొడుగు మాట అదే.

దడి అవతలి నుంచి ఎవరో నవ్వారు. జాషువా తల్లి విశ్రాంతమ్మ. దమ్మపేట మనిషి. తెల్లవారుజామున బయల్దేరి కొడుకునీ కోడల్నీ వెంటబెట్టుకుని, నెత్తి మీద మూటతో వచ్చింది. భవానీ జాషువా చంటిదాన్ని పడుకోబెట్టడానికి దూరంగా చింతచెట్టు కింద కూర్చున్నారు. విశ్రాంతమ్మకు దూరంగా కూర్చోవడం చేతకాలేదు. లోపలికి రావద్దన్నారు కాబట్టి దడికి ఆనుకుని బయట చతికిలబడింది. ఆ దడి నిండా చిక్కుడు తీగ అల్లుకుని గుత్తులు గుత్తులుగా కాసి ఉంది.

"ముక్కలు కొయ్యమాక వదినా" అంది విశ్రాంతమ్మ దడి సందులోంచి. "ముక్కలయితే మనుషులు లెక్కపెడతారు. పక్కోడికి రెండేశావు, నాకు ఒకటేశావు అంటారు. కైమా కొట్టండి. కైమాని ఎవడూ లెక్కపెట్టలేడు."

"కైమా కొడితే మాంసం పెరుగుద్దా ఏంది?"

"మాంసం పెరగదు. పప్పు పెరుగుద్ది." మూట విప్పి తడిగుడ్డలో కట్టిన నానిన శనగపప్పు చూపించింది. "మా చర్చిలో క్రిస్మసుకి ఒక్క పొట్టేలు. తినేవాళ్లు ఊరంతా. ఎన్నేళ్లు వండానో నేను. ఒక్కడంటే ఒక్కడు పప్పు ఉందని కనిపెట్టలేదు."

ముత్తక్క అటూ ఇటూ చూసింది. "పప్పు ఎయ్యొద్దన్నడు ఆ ముసలోడు."

"పప్పుకూర వద్దన్నాడు. కూరలో పప్పు వద్దన్నాడా?"

"నీ నోరు మంచిది గాదు వదినా."

"నోరు మంచిదైతే ఇద్దరు పిల్లల్ని ఒక్కదాన్నే సాకేదాన్నా!"

ముత్తక్క నవ్వకుండా ఉండలేకపోయింది. కానీ మళ్లీ అనుమానపడింది. "నువ్వు ముట్టుకున్న పప్పు..."

"పొయ్యి ఎక్కని గింజకు ఎవరి చెయ్యైనా ఒకటే" అన్నాడు దూలయ్య. అది గూడెంలో అందరికీ తెలిసిన మాటే. బజారు నుంచి తెచ్చే పప్పును ఎవరి చేతులు తూచాయో ఎవరికి తెలుసు?

"మా ఇంట్ల వరదకు ఇచ్చిన కందిపప్పు ఉన్నది, అదీ ఎయ్యనా?" అని అడిగింది ముత్తక్క.

"కంది ముట్టుకోమాక. అది ఉడికిందంటే ముద్దయిపోయి, నేను పప్పునేనని అరిచి చెప్తది. శనగపప్పయితే నోరు మూసుకుని మాంసంలో కూర్చుంటది. సగం ఉడికించు, గోరుతో నొక్కితే విరగాలి, మెదగకూడదు. దాంట్లో సగం రోట్లో కచ్చాపచ్చాగా దంచు. మిగతా సగం అట్లాగే ఉంచు. ఉల్లిపాయ ఎర్రగా మాడేదాకా వేయించు, అప్పుడు మాంసం, మాంసం నీళ్లు ఇగిరాక పప్పు. ముందేస్తే పప్పు నీళ్లు తాగుద్ది. తర్వాతేస్తే మాంసం రసం తాగుద్ది. అర్థమైందా?"

"అర్థమైంది మేస్త్రమ్మా" అంది ముత్తక్క, పొయ్యి ఊదుతూ.

మాంసం కొట్టడం దూలయ్య పని. చింత మొద్దు ముందు పెట్టుకుని, రెండు చేతుల్లో రెండు కత్తులు పట్టుకుని కొట్టాడు. గంగులు నవ్వు గుర్తొచ్చినప్పుడు ఒక దెబ్బ. ఆ నవ్వుకు తోడు నవ్వినవాళ్లు గుర్తొచ్చినప్పుడు ఇంకో దెబ్బ. చచ్చిపోయింది అన్న మాట గుర్తొచ్చినప్పుడు లెక్క లేని దెబ్బలు. ఎముక పెచ్చులు ఎగిరి గోడకు తగిలాయి. మాంసం పేస్టయింది.

"మెల్లగ కొట్టయ్యా" అంది ముత్తక్క. "మొద్దు గూడ కైమా అయితాంది. చింత పొట్టు తినిపిస్తవా ఊరికి?"

అతను ఆపలేదు. మొద్దు మీద మాంసం కింద కొత్త చెక్క కనపడేదాకా కొట్టి లేచాడు.

అల్లం, వెల్లుల్లి, ధనియాలు, ఎండుమిరపకాయల కారం వేగుతుంటే ఆ వాసనకు గూడెం పిల్లలంతా దడి చుట్టూ చేరారు. ముత్తక్క చెమట తుడుచుకుంటూ కలిపింది. పప్పు పడింది. కూర లేచింది. అయినా పెద్ద గుండిగలో అది అడుగునే ఉన్నట్టు కనపడింది.

"చాలేటట్టు లేదు వదినా" అంది గాబరాగా. "ఉప్పు చూద్దామంటే చూడొద్దన్నరాయె. ఇంకేమన్న గింజ ఉంటే అందియ్యి."

"కంగారు పడమాక, ఉంది" అంది విశ్రాంతమ్మ.

కాసేపటికి దడి మీదుగా ఒక చిన్న బుట్ట వచ్చింది. నిండా ఉబ్బిన చిక్కుడు గింజలు. శనగపప్పు నానబెట్టి తెచ్చినట్టే ఎండు చిక్కుళ్లూ నానబెట్టి తెచ్చిందనుకుంది ముత్తక్క. పొగకు కళ్లు మండుతున్నాయి. గుండిగలో గుమ్మరించి, మూత పెట్టి, మూత మీద నిప్పులు వేసింది. దూలయ్య బుట్టను చూశాడు. చూసి అతనూ అదే అనుకున్నాడు.

మధ్యాహ్నం పొద్దు వాలేసరికి గూడెం వచ్చి అడ్డాకుల విస్తర్ల ముందు కూర్చుంది. గంగులు ముందు వరసలో మొదట. అతని పక్కన ముసలి పొట్టెమ్మ, గూడెంలో గంగులుకు భయపడని ఒకే ఒక మనిషి, ఎందుకంటే అతనికి బొడ్డు కోసింది ఆమే. దడి తలుపు దగ్గర, బయట, భవాని చంటిదాన్ని ఎత్తుకుని నిలబడింది. జాషువా, విశ్రాంతమ్మ ఆమె వెనక. లోపల అందరూ తింటుంటే బయట నిలబడి చూడాలి. అదీ శిక్షలో భాగమే.

కూర పడింది. కాసేపు నమిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. వరద తర్వాత గూడెం నాలుకకు మాంసం తగలడం అదే మొదలు.

"ఓ ముత్తక్కా" అంది పొట్టెమ్మ, "ఒక్క మేక గింతమందికి ఎట్ల ఆగింది? కప్పు మీద ఉన్నప్పుడు గోదారి నీళ్లు తాగి ఉబ్బిందా?"

వరసంతా గొల్లుమంది.

"నీకెందుకే ముసల్దానా, తిను" అన్నాడు గంగులు. నోటి నిండా కైమా. "గిది పట్నమోళ్ల తీరు కూర. పంటికి పని లేదు, నాలుకకే పని. ముత్తక్కా, ఇంకో గరిటె ఎయ్యి. అడుగుకెల్లి తీసి ఎయ్యి."

ముత్తక్క వేసింది. గంగులు అదీ తిన్నాడు. వేళ్లు నాకాడు. తృప్తిగా తేన్చి, విస్తట్లో మిగిల్చిన ముద్దను వేళ్లతో కూడదీశాడు. భవాని వంక చూసి, రా అన్నట్టు తల ఊపబోయాడు. భవాని ఒక అడుగు ముందుకు వేసింది.

అప్పుడు గంగులు ఆగాడు. పళ్ల సందులో ఏదో ఇరుక్కుంది. నాలుకతో తోశాడు, రాలేదు. గోటితో పట్టి లాగాడు. సన్నటి దారంలా పొడుగ్గా వచ్చింది. పచ్చగా ఉంది.

"ఏంది ఇది?"

అది చిక్కుడుకాయ అంచున ఉండే నార. పచ్చికాయ ఒలిచేటప్పుడు గింజతో పాటు వచ్చే నార. ఎండు గింజకు పచ్చ నార ఉండదు.

గంగులు తల తిప్పి దడి వంక చూశాడు. అందరూ చూశారు. విశ్రాంతమ్మ పొద్దుటి నుంచి కూర్చున్న చోట, చెయ్యి అందినంత మేర, తీగ మీద ఒక్క కాయ లేదు. కింద పచ్చి పొట్టు కుప్పగా పడి ఉంది.

"ఏమైందయ్యా, పురుగొచ్చిందా?" అంది విశ్రాంతమ్మ కంగారుగా. "చూసి చూసి ఒలిచానే! లేతవి వదిలేసి ముదురువే ఏరాను."

ముత్తక్క చేతిలో గరిటె జారి గుండిగలో పడింది.

గంగులు లేచాడు. విస్తరిని కాలితో తన్నాడు. భవానికి పెట్టబోయిన ముద్ద మట్టిలో పొర్లింది.

"కొత్తలు కాని చిక్కుడు!" అని అరిచాడు. "ముత్యాలమ్మ నోట పడని గింజ గూడెం నోట్ల పెట్టిండ్రు! తప్పు తీర్చ పిలిచి తప్పు తినిపిచ్చిండ్రు! తెలిసి చేసినా తెల్వక చేసినా తప్పు తప్పే. ఇగ ఆ బిడ్డ లేదు, గిడ్డ లేదు. దూలా, నీ పెండ్లాన్ని తీసుకొని నువ్వు గూడ ఆ దడి అవతలికి నడువ్."

చంటిది ఉలిక్కిపడి ఏడ్చింది. ఏడుపు దగ్గులోకి తిరిగింది. భవాని దాన్ని భుజాన వేసుకుని వెనక్కి తిరిగింది.

"పద అత్తా. ఈళ్ల ముద్ద నాకొద్దు, ఈళ్ల నేలా నాకొద్దు. టార్పాలిన్ కిందనే చస్తం."

"నావల్లే అయిందా తల్లీ?" అంది విశ్రాంతమ్మ. ఆమెకు ఇంకా ఏమీ అర్థం కాలేదు. ముదురు గింజలే ఏరానని మళ్లీ చెప్పబోయింది.

దూలయ్య మట్టిలో పడ్డ ముద్దను చూస్తున్నాడు. అందులో అతని మేక ఉంది. అతను కొట్టిన దెబ్బలున్నాయి. ముత్తక్క కళ్ల నీళ్లున్నాయి. అతనికి కోపం కొత్త కాదు. కానీ ఈసారి కొట్టడానికి ముందు కట్టె లేదు, మొద్దు లేదు. నోరొక్కటే ఉంది.

"బావా" అన్నాడు. గొంతు అతనికే కొత్తగా వినపడింది. "ఎవరు తిన్నరు?"

"ఏంది?"

"చిక్కుడు ఎవరు తిన్నరు అంటున్న."

గంగులు చేతిలోని నారను కింద విదిలించాడు.

"నేను తినలే. గూడెం తిన్నంకనే తినమంటివి. ముత్తక్క తినలే. ఉప్పు గూడ చూడొద్దంటివి, చూడలే. నా బిడ్డ తినలే, అది దడి అవతల నిలబడ్డది. నా అల్లుడు తినలే. ఆమె ఒలిచింది గాని నోట ఎయ్యలే. ఆమెను లోపలికి రానిస్తే పొయ్యి కాడ కూసునేది. దడి కాడ కూసోబెట్టింది నువ్వు. ఆ దడి మీదనే తీగ ఉన్నది." దూలయ్య ముందుకు వచ్చాడు. పిడికిళ్లు బిగిసి ఉన్నాయి. "కొత్తలు కాని గింజ తిన్నోడు తల్లి గద్దె ఎక్కొచ్చునా బావా? నువ్వే చెప్పు. ఇన్నేండ్లు మాకు నువ్వే చెప్పినవ్."

గంగులు మొహం నల్లబడింది. "తెల్వక తిన్నం మేము."

"తెల్వక ఒలిచింది ఆమె. తెల్వక చేసినా తప్పు తప్పే అని ఇప్పుడే అంటివి. నీ నోరు ఇంకా ఆరలే." దూలయ్య గంగులు తన్నిన విస్తరిని వంగి తీశాడు. "గూడెం ఒక్కసారి తిన్నది. నువ్వు రెండోసారి అడిగి పెట్టించుకున్నవ్. అడుగుకెల్లి తీసి ఎయ్యమన్నవ్. కేంపుల పులిహోర పొట్లం గూడ రెండోది అడిగినవ్. ఆ రోజు వాళ్ల చెయ్యి మంచిగున్నదా?"

గూడెం ఎప్పుడూ దూలయ్య నోట అన్ని మాటలు వినలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొదట తేరుకున్నది పొట్టెమ్మ.

"ఓయమ్మో! అయితే మనందరం తప్పు పడ్డట్టే గదర్రా. ఇయ్యాల దడి అవతల ఉన్నది మనం. ఇవతల ఉన్నది ఈళ్లు."

"ఊరుకోయే ముసల్దానా" అన్నాడు గంగులు. ఆ గొంతులో ముందటి గట్టిదనం లేదు.

"నేను ఊరుకుంట. చిక్కుడు ఊరుకుంటదా? రేపో మాపో కోత కొచ్చె. నువ్వు గద్దె ఎక్కలేవు. నోట గింజ పడ్డ ఏ మగోడూ ఎక్కలేడు. కొత్తలు చేసెటోడు ఎవడు మరి? దూలడొక్కడే. వాడు చెయ్యనంటే పిల్లలకు ఏం పెడతవ్, నీ పెద్దరికమా?"

వెనక వరసలో ఒక ఆడమనిషి లేచి నిలబడింది. ఆమె చంకలో పిల్ల ఉంది. దూలయ్య వంక చూసింది, అంతే. ఆ చూపును చూసి ఒక్కొక్కరే దూలయ్య వైపు తిరిగారు. ఆనాడు అరుగు మీద నవ్వినవాళ్లు కూడా.

ఆ చూపులకు దూలయ్య కోపం తగ్గలేదు. ఇంకా పెరిగింది. చచ్చిపోయిందన్న రోజు వీళ్ల కళ్లు ఎటు తిరిగాయి? చంటిది దగ్గుతోందన్న రోజు ఎటు తిరిగాయి? ఇప్పుడు కడుపు దాకా వస్తే తిరిగాయి.

అతను దడి తలుపును లాగి, కట్టు ఊడదీసి పక్కన పారేశాడు.

"రా బిడ్డా" అన్నాడు. "అమ్మా, నువ్వు గూడ రా. అల్లుడా, రా. ఎవడు ఆపుతడో చూస్త."

ఆపేవాడు లేడు. ఆపే నోటిలో చిక్కుడు ఉంది. భవాని తడబడుతూ లోపలికి వచ్చింది. విశ్రాంతమ్మ గడప దగ్గర ఆగి, చెప్పులు విప్పి, ఏదో గుడిలోకి వచ్చినట్టు వచ్చింది. ముత్తక్క ఆమె చెయ్యి పట్టుకుని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, "నీ పప్పు తగలెయ్య, ఎంత పని చేసినవ్ వదినా" అని ఒక్కసారిగా ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది.

జనం లేచి పోయారు. గంగులు ఆఖరున కదిలాడు. "రేపు పొద్దుగాల కొత్తలు చెయ్యి దూలా" అన్నాడు నేల చూస్తూ. "కోడి నేను తెస్త." దూలయ్య వినపడనట్టు గుండిగను మోసుకుపోయి, మిగిలిన కూరను గోతిలో పోసి మట్టి కప్పాడు. ఆకలితో ఉన్న యేడు కూరను పాతిపెట్టడం ఎంత కష్టమో అది చేసినవాడికే తెలుస్తుంది. ఆ రోజు వాళ్లు ఐదుగురూ వరద కందిపప్పు వండుకుని తిన్నారు. చంటిది పొయ్యి వెచ్చదనానికి దగ్గకుండా నిద్రపోయింది.

తెల్లారింది. ఇంటి వెనక ఎత్తు నేల మీద గడ్డపార చప్పుడు. దూలయ్య గుంత తవ్వుతున్నాడు. జాషువా మట్టి ఎత్తి పోస్తున్నాడు. గుంత మొల లోతు అయ్యేసరికి గంగులు వచ్చాడు. చంకలో కాళ్లు కట్టిన కోడి. అతని వెనక గూడెం. ఆడవాళ్ల చేతుల్లో ఖాళీ బుట్టలు.

"పద దూలా. గద్దె కడిగిచ్చిన."

దూలయ్య తల ఎత్తలేదు. "గుంత తవ్వుతున్న."

"కనపడుతాంది. ఎంత సేపు?"

"నిట్రాడు లేవాలె. బరువున్నది. ఇద్దరం చాలం."

గంగులు తాటి దుంగను చూశాడు, జాషువాను చూశాడు. "ఆ చర్చోని ఇంటి నిట్రాడు నన్ను పట్టమంటవా?"

"పట్టకు" అన్నాడు దూలయ్య. గడ్డపార మళ్లీ దిగింది. "చిక్కుడు ముదరని. ఎండని. రాలని. నాకేం తొందర లేదు."

వెనక ఎవరి పిల్లో ఏడ్చింది. పొట్టెమ్మ ముందుకు వచ్చి, అడగకుండానే గంగులు చంకలో కోడిని లాక్కుంది.

"వంగు" అంది. "నడుము విరిగిపోదులే."

గంగులు తలగుడ్డ తీసి నడుముకు చుట్టాడు. వంగాడు. దూలయ్య గడ్డపార పక్కన పెట్టి పైకి వచ్చాడు.

"ఆ కొస పట్టు బావా" అన్నాడు. "సన్న కొస కాదు. బరువు కొస."

గంగులు బరువు కొస పట్టాడు. మధ్యలో జాషువా భుజం ఇచ్చాడు. దుంగ లేచి, ఊగి, గుంతలో దబ్బున కూర్చుంది. గంగులు దాన్ని రెండు చేతులతో నిలువుగా పట్టుకుని రొప్పుతూ ఉన్నాడు. దూలయ్య పారతో మట్టి లాగి, దాని మొదట్లో పోసి, కాళ్లతో తొక్కాడు. తొక్కిన చోటే మళ్లీ తొక్కాడు. గట్టిపడినా తొక్కాడు. వదిలెయ్యమని గంగులుకు చెప్పడానికి అతను ఏమాత్రం తొందరపడలేదు.

ఆ తర్వాతే చేతులు కడుక్కుని, పొట్టెమ్మ దగ్గర కోడిని తీసుకుని, గద్దె వైపు నడిచాడు.